తొమ్మిదో గడి

ఆ డైవింగ్ క్లబ్బు రిజిస్టరులో మగవాళ్ళకు ఎనిమిది గడులు, ఆడవాళ్ళకు తొమ్మిది. పేరు, వయసు, సభ్యత్వం నంబరు, సిలిండరు నంబరు, కలిసి దిగే జోడీ పేరు, పడవెక్కిన వేళ, తిరిగొచ్చిన వేళ, సంతకం. మగవాడి పని అక్కడితో సరి. ఆడమనిషి అయితే ఆ వరుస చివర ఇంకో గడి నింపాలి: "భర్త లేక తండ్రి అనుమతి." ఈ శీర్షికలు మొదటి పేజీలోనే ఉంటాయి. తర్వాత పేజీల్లో ఉత్త గీతలే. ఆ రిజిస్టరు కూడా సామాన్యమైనది కాదు. అట్ట మూడుసార్లు ఊడింది, ప్రతిసారీ కొత్త కాగితాలు చేర్చి బైండింగు చేయించారు. ఇప్పుడది ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

బస్సు డిపోలో సీట్లకు రెగ్జిన్ తొడుగులు కుట్టే ఒకావిడ ఉంది. డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ ఆమెను సీట్లక్క అంటారు. ఆమె సముద్రం అడుగుకు మూడువందల పద్దెనిమిది సార్లు దిగి, అన్నిసార్లూ క్షేమంగా పైకొచ్చింది. ప్రతిసారీ పడవెక్కే ముందు ఆమె వరుసలోని తొమ్మిదో గడిలో ఆమె భర్త సంతకం పడింది. ఇరవై ఏళ్ళు. డిపో కుట్టుపని విభాగంలో తన కింద పనిచేసే పదకొండుమంది సెలవు చీటీల మీద సంతకం పెట్టే మనిషి, ఆదివారం నీళ్ళలోకి దిగడానికి మాత్రం ఇంకొకరి సంతకం కోసం పెన్ను అందించి పక్కన నిలబడింది. ఒక్కనాడూ నోరు విప్పి ఇదేమిటని అడగలేదు.

దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్ళుంటారు. నేను మెచ్చుకోను. ఓర్చుకున్నవాళ్ళది తప్పని అనను గానీ, ఓర్పును పొగిడేవాళ్ళ పుణ్యానే ఇలాంటి గడులు చెరిగిపోకుండా బతికిపోతున్నాయి.

కథ ఒక పాడైన కంప్రెసరుతో మొదలైంది.

సీట్లక్క భర్త ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే మెకానిక్. ఆయన్ను అందరూ ఫ్రిజ్ బాబాయి అంటారు. అక్క మొగుడు బాబాయి ఎలా అయ్యాడని అడిగిన నాథుడు లేడు. ఒకరోజు ఆయన చల్లనీళ్ళ యంత్రం బాగుచేయడానికి రేవు పక్కనున్న ఆ క్లబ్బుకు వెళ్ళాడు. పక్క గదిలో సిలిండర్లలోకి గాలి ఎక్కించే కంప్రెసరు ఖళ్ళుఖళ్ళున దగ్గుతోంది. దగ్గే మిషను పక్కన ఆయన ఊరికే ఉండలేడు. ఎవరూ అడక్కుండానే విప్పాడు, వాల్వు తుడిచాడు, మళ్ళీ బిగించాడు. దగ్గు పోయింది. క్లబ్బులో పాఠాలు చెప్పే గురువుగారు సంబరపడిపోయారు.

"మీకు డైవింగ్ నేర్పుతాను, రండి. రుణం ఉంచుకోను."

"నేనొక్కణ్ణే అయితే రాను. మా ఆవిడా వస్తుంది."

"ఆవిడకు ఈత వచ్చా?"

"రాదండీ."

"మీకు?"

"నాకూ రాదు. అందుకే ఇద్దరం వస్తామంటున్నా."

ఇంట్లో అత్తగారికి ఈ సంగతి చెబితే ఆవిడ చేతిలో పళ్ళెం కింద పెట్టి కోడల్ని ఎగాదిగా చూసింది. "మునగడానికి కూడా బడి పెట్టారటే? మునగడం ఎవరికైనా వచ్చు. తేలడం నేర్పమను."

ముందు తేలడమే నేర్చుకున్నారు. ఆరు నెలలు, తెల్లారగట్ల, పురపాలక ఈతకొలనులో. ఎనిమిదేళ్ళ కూతురు గట్టు మీద తువ్వాళ్ళకు కాపలా కూర్చుని, అమ్మ మునిగితే ఒకటి, నాన్న మునిగితే రెండు అని వేళ్ళు మడిచేది. ఆ తర్వాతే గురువుగారు సిలిండరు తగిలించి మొదటి పాఠం చెప్పారు. ఏం జరిగినా సరే, ఊపిరి బిగబట్టకూడదు. లోపల బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. వదులుతూ ఉండాలి.

ఆ పాఠం గురించి సీట్లక్క నాతో ఒకసారి అంది: "చిన్నప్పట్నుంచీ నాకు నేర్పిందంతా బిగబట్టడమేనండీ. నవ్వు బిగబట్టు, ఏడుపు బిగబట్టు, గొంతు బిగబట్టు. బిగబట్టొద్దని చెప్పిన మొదటి మనిషి ఆయనే."

నీళ్ళ పైన ఆమె భర్తను మీరు అంటుంది, ఆయన ఆమెను నువ్వు అంటాడు. వాళ్ళ కాలం అలాంటిది. నీళ్ళలో ఇద్దరి నోళ్ళలోనూ గాలి పీల్చే రబ్బరు ముక్కలుంటాయి. మాటలన్నీ చేతులతోనే. చేతి సైగకు 'అండీ' తగిలించడం ఎవరి వల్లా కాదు. ఆగు అంటే ఆగు, రా అంటే రా. పదిహేను మీటర్ల లోతులో ఆయన్ను ఆమె ఎన్నిసార్లు 'ఆగు' అందో, ఆయన ఎన్నిసార్లు ఆగాడో లెక్కలేదు. పైకొచ్చి తలుచుకుంటే ఆమెకే సిగ్గేసేదట.

మొదటి సముద్రపు డైవు ఆరు నిమిషాల్లో ముగిసింది. రంగురంగుల చేపల గుంపొకటి ఎదురొచ్చేసరికి ఆయన ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తాడు. ఆమె తక్షణం ఆయన జబ్బ పట్టుకుని పైకి తీసుకొచ్చేసింది.

"ఎందుకే లాక్కొచ్చావ్?"

"మీరే కదండీ పైకి పోదామన్నారు!"

"నేను భలే ఉందన్నాను!"

"నీళ్ళలో భలే ఉంటే వేళ్ళతో సున్నా చుట్టాలి. బొటనవేలు ఎత్తితే పైకి. గురువుగారు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు కదా."

"సున్నా చుడితే భలే ఉన్నట్టు ఎలా ఉంటుందే? లెక్కల పరీక్ష గుర్తొస్తుంది."

పడవలో వాళ్ళంతా నవ్వారు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

దిగే ముందు జోడీలో ఒకరి సామాను ఒకరు తడిమి చూడటం ఈ విద్యలో ప్రాణం. గాలితో ఉబ్బే జాకెట్టు, నడుముకు కట్టుకునే సీసపు బరువులు, బకిళ్ళు, సిలిండరులో గాలి. చివరగా తల నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి చూడటం. ఆయన దానికి "చివరి చూపు" అని పేరు పెడితే ఆమె మండిపడింది. "పాడు మాట! నోటికి ఏదొస్తే అదేనా?" "సరే, పెళ్ళిచూపులు అందాం." అప్పట్నుంచి అదే ఖాయమైంది. పడవ అంచున కూర్చుని ఆయన అడిగేవాడు, "పెళ్ళిచూపులు అయినట్టేనా?" ఆమె పైకీ కిందికీ చూసి, "ఆఁ, అబ్బాయి ఫర్వాలేదు, దిగొచ్చు" అనేది. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి వాలి నీళ్ళలో పడేవాళ్ళు.

ఒక్కసారి ఆ చూపులు సరిగా చూసుకోలేదు. బరువుల బెల్టు నడుము ఒరుసుకుపోతోందని ఆమె డిపోలో మిగిలిన ఆకుపచ్చ రెగ్జిన్‌తో ఇద్దరి బెల్టులకూ ఒకే రకం తొడుగులు కుట్టింది. ఆ ఆదివారం అవి తారుమారయ్యాయి. ఆయన ఖాళీ బిందెలా పైన తేలుతూ కాళ్ళు కొట్టుకుంటుంటే, ఆమె బండరాయిలా కిందికి పోయింది. జాకెట్టులోకి గాలి ఎక్కించుకుని పైకొచ్చి మాస్కు తీసి అన్న మొదటి మాట: "ఇంకోసారి మీ బరువు నేను మొయ్యను, చెబుతున్నా!" ఆ సాయంత్రమే తన తొడుగు మీద ఎర్ర దారంతో పెద్ద కుట్టు వేసింది. ఆ బెల్టు నేను చూశాను. రెగ్జిన్ వెలిసిపోయింది గానీ ఎర్ర కుట్టు చెక్కు చెదరలేదు.

వాళ్ళది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. క్లబ్బు అమ్మేసిన పాత రబ్బరు సూట్లు రెండు కొని, మగవాడి కొలతకు కోసినదాన్ని డిపో మిషను మీద తన ఒంటికి తగ్గట్టు కుట్టుకుంది. ఆదివారం సాయంత్రం బాల్కనీ తీగ మీద అవి రెండూ పక్కపక్కనే ఆరేవి. గాలికి చేతులు కదులుతూ ఎవరో ఇద్దరు వేలాడుతున్నట్టుండేది. ఎదురింటికి కొత్తగా దిగినావిడ కెవ్వున అరిచి, చుట్టుపక్కలవాళ్ళను పోగేసిందట. అత్తగారు బాల్కనీలోకి వచ్చి చెప్పింది: "భయపడకమ్మా, మా వాడూ కోడలూనే. లోపల మనుషులు లేరు, స్నానానికి వెళ్ళారు."

బీరువా మీద బిస్కెట్ల డబ్బాలో రెండు లాగ్ పుస్తకాలున్నాయి. ఎంత లోతు, ఎంతసేపు, ఏం చూశాం అని ప్రతి డైవుకూ ఒక పేజీ. కింద జోడీ సంతకం. ఆమె పుస్తకంలో ఆయన, ఆయన పుస్తకంలో ఆమె. పేజీల నిండా ఒక ముసలి చేప కబుర్లే ఉంటాయి. మూడో బండ కింద నోరు తెరుచుకుని, ఎవరొచ్చినా కదలకుండా, కళ్ళు మాత్రం తిప్పుతూ కూర్చునే పెద్ద చేప. దానికి హెడ్ క్లర్కు అని పేరు పెట్టింది సీట్లక్కే. "హెడ్ క్లర్కు ఈ రోజు కూడా ఫైలు కదపలేదు" అని ఒక పేజీలో. "హెడ్ క్లర్కు సెలవు, బండ ఖాళీ, మనసేం బాగాలేదు" అని ఇంకో పేజీలో. "వచ్చేశాడు!" అని ఆ తర్వాత వారం. దాని కింద ఆయన సంతకం కాస్త పొంగిపోయినట్టు పెద్దగా ఉంటుంది.

పన్నెండేళ్ళ కిందట ఒక బ్యాంకు అధికారి అతిథిగా వచ్చి, పద్దెనిమిది మీటర్ల లోతులో బెదిరిపోయాడు. నోట్లో రబ్బరు ముక్క ఊడిపోయింది. అతని జోడీ ఎటో చూస్తున్నాడు. సీట్లక్క రెండు తన్నుల్లో అక్కడికి చేరి, తన దగ్గరున్న రెండో ముక్క అతని నోట్లో పెట్టింది. బెల్టు గట్టిగా పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, వదులు, వదులు అని చేత్తో చెబుతూ నెమ్మదిగా పైకి తెచ్చింది. పీల్చిన గాలి ఒంట్లోంచి మెల్లగా వదిలిపోవడానికి ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలన్న నియమం ఆ కంగారులోనూ మర్చిపోలేదు. ఒడ్డుకొచ్చాక క్లబ్బు కార్యదర్శి గబగబా వచ్చి రెండు చేతులతో ఫ్రిజ్ బాబాయి చెయ్యి ఊపేశాడు. "మీ ఆవిణ్ణి ఎంత బాగా తయారుచేశారండీ!"

"నేనేం తయారుచేశానండీ, ఆమే నన్ను..." అని ఆయన అంటూనే ఉన్నాడు, కార్యదర్శి వినకుండా వెళ్ళిపోయాడు. ఆమె తలకు తొడుక్కున్న రబ్బరు టోపీ తీసి, నీళ్ళు పిండుతూ నవ్వి ఊరుకుంది. ఆ రోజు వరుసలోనూ తొమ్మిదో గడిలో ఆయన సంతకమే ఉంది.

రెండేళ్ళ కిందట ఫ్రిజ్ బాబాయి జలుబుతో డైవు చేశాడు. చేయకూడదని గురువుగారు వందసార్లు చెప్పారు. "కాస్త ముక్కు దిబ్బడే కదా" అని ఆయన దిగాడు. చెవుల్లో ఒత్తిడి సర్దుకోకపోతే ముక్కు మూసుకుని గట్టిగా ఊదాడు. కుడి చెవి లోపల ఏదో తెగింది. చాన్నాళ్ళు గది గుండ్రంగా తిరిగింది. మిషను దగ్గును పక్క గది నుంచే పసిగట్టిన ఆ చెవికి ఇప్పుడు ఏమీ వినపడదు. డాక్టరు కాగితం మీద రాయకుండా ముఖం మీదే చెప్పాడు: "ఇక నీళ్ళంటే బాత్‌రూమ్‌లోనే."

ఆయనకు తోడుగా ఆమె కూడా మానేసింది. రెండేళ్ళ పాటు బాల్కనీ తీగ ఖాళీ. ఆదివారాలు టీవీ ముందు గడిచేవి. ఒకరోజు ఆయనే ఆమె సూటు బయటికి తీసి దులిపాడు.

"నువ్వు వెళ్ళు."

"మీరు లేకుండానా? నా వల్ల కాదు."

"నేను దిగలేను సరే. హెడ్ క్లర్కు ఏమయ్యాడో ఎవరు చెబుతారే నాకు? రిటైరయ్యాడో ఏమో కూడా తెలీదు. నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు. మంచి చెవి అటు పెట్టి వింటాను."

క్లబ్బులో కొత్తగా చేరిన ఒక నర్సుతో జోడీ కుదిరింది. నర్సమ్మకు ఇరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఆమె తండ్రి దూరాన ఉంటాడు. వారం వారం రాలేక, ముప్పై తెల్లకాగితాల మీద ముందే సంతకాలు చేసి పంపాడు. వారానికొకటి చింపి తొమ్మిదో గడిలో అంటించుకుంటోంది. "మా నాన్న ఆటోగ్రాఫులు ఇంకా పద్నాలుగు మిగిలాయక్కా" అని నవ్వేది.

ఆ ఆదివారం ఫ్రిజ్ బాబాయి సాగనంపడానికి రేవుకు వచ్చాడు. నర్సమ్మ బరువులు సరిచూసి, సీట్లక్క బెల్టు మీద ఎర్ర కుట్టు ఉందో లేదో కూడా చూశాడు. పడవ ఇంజను మొదలైంది. కార్యదర్శి రిజిస్టరు తెచ్చి, ఎప్పటిలాగే వేలు పెట్టి చూపించాడు.

"బాబాయ్ గారూ, ఇక్కడొకటి."

"నేనెందుకండీ? నేను దిగట్లేదుగా. ఇవాళ జోడీ నర్సమ్మ. ఆ పిల్ల పెట్టాలి."

"జోడీ సంతకం కాదండీ. అనుమతి."

"ఏం అనుమతి?"

కార్యదర్శి ఆ గడి మీదే మళ్ళీ వేలు పెట్టాడు. ఆ బరువైన పుస్తకాన్ని ఫ్రిజ్ బాబాయే రెండు చేతులతో వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. ఏళ్ళకు ఏళ్ళు పేజీలు. మొదటి పేజీ చేరాక జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, తొమ్మిదో గడి పైనున్న మాట చదివాడు. మళ్ళీ చదివాడు.

లాగ్ పుస్తకంలో జోడీ సంతకం ఉన్నట్టే ఇక్కడా ఉంటుందని ఇరవై రెండేళ్ళుగా ఆయన అనుకుంటున్నాడు. ఇక్కడొకటి, ఇక్కడొకటి అని వేలు చూపిస్తే, తన వరుసలో ఒకటీ ఆమె వరుసలో ఒకటీ గీకి పడవెక్కేవాడు. శీర్షిక చదివిన పాపాన పోలేదు.

"నీకు తెలుసా?"

"మొదటి రోజే చదివాను. మీరు కంప్రెసరు గదిలో ఉన్నారు, నేను ఊరికే పేజీలు తిప్పుతున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీకు తెలుసనుకున్నాను." ఆమె ఆయన మంచి చెవి వైపుకు జరిగి నిలబడింది. "తెలిసే పెడుతున్నారనుకున్నాను. అడిగితే మీ మనసులో ఉన్నది బయటపడుతుందేమోనని భయమేసింది. అది వినడం ఇష్టంలేక ఊరుకున్నాను."

ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "జోడీ సంతకం అనుకున్నాను సరే. అలాంటప్పుడు నా వరుసలో నీ సంతకం ఎందుకు లేదని ఒక్కసారైనా అడగాలిగా నేను? ఆ గడి ఖాళీగా నా కళ్ళ ముందే ఉంది."

పడవ నడిపేవాడు హారను కొట్టాడు. కార్యదర్శి మెత్తగా అన్నాడు: "బాబాయ్ గారూ, చిన్న సంతకం. పెద్ద మనసు చేసుకోండి. రేపేదైనా జరిగితే ఇంట్లోవాళ్ళు మా మీదికి రాకూడదు కదా, అందుకోసం అంతే."

"ఆయన చెవి పోయిందిగా," అంది సీట్లక్క. "నేను మీ మీదికి వచ్చానా? ఆయన్ను పంపించే ముందు మీరు నన్నెప్పుడైనా అడిగారా?"

ఇరవై రెండేళ్ళలో ఆ క్లబ్బులో ఆమె గొంతు అంత స్పష్టంగా వినపడటం అదే మొదటిసారి.

ఫ్రిజ్ బాబాయి పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఇచ్చేముందు ఒక్క మాట అన్నాడు: "నేను పెడితే ఇప్పుడే దిగొచ్చు నువ్వు. హెడ్ క్లర్కును చూసి రావచ్చు. ఏమంటావో నీ ఇష్టం."

ఆమె పడవ వైపు చూసింది. రెండేళ్ళ తర్వాత ఒంటికి తగిలిన రబ్బరు సూటు వాసన, ఆ ఇంజను చప్పుడు, అవతల మూడో బండ. అన్నీ అంత దగ్గర్లో ఉన్నాయి. పెన్ను తీసుకుని తొమ్మిదో గడిలో తన పేరే రాసి, సంతకం పెట్టింది.

"అది చెల్లదండీ," అన్నాడు కార్యదర్శి.

పడవ వెళ్ళిపోయింది. అది కదిలే ముందే నర్సమ్మ గట్టు మీదికి దూకి తనూ ఉండిపోయింది.

ఇది జరిగి ఏడు వారాలు. ప్రతి ఆదివారం సీట్లక్క సూటు తొడుక్కుని రేవుకు వెళ్తోంది. పెళ్ళిచూపులన్నీ సవ్యంగా అయ్యాక తొమ్మిదో గడిలో తన సంతకమే పెడుతోంది. ప్రతివారం పడవ ఆమెను వదిలేసి పోతోంది. నర్సమ్మ మిగిలిన ఆటోగ్రాఫులు చింపేసి తనూ సొంత సంతకమే పెడుతోంది. పోయిన వారం గురువుగారు, డెబ్బై దాటిన మనిషి, తన వరుసలో ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న తొమ్మిదో గడిలో తన భార్య చేత సంతకం పెట్టించి, "ఇది చెల్లితే అదీ చెల్లాలి" అన్నారట. ఫ్రిజ్ బాబాయి గట్టు మీద కూర్చుని, మంచి చెవి సముద్రం వైపు తిప్పుకుని ఉంటాడు. బాల్కనీలో ఆ సూటు ఇప్పుడు తడవకుండానే ఆరుతోంది.

వచ్చే నెలలో క్లబ్బు సర్వసభ్య సమావేశం. ఆ గడి ఉండాలా పోవాలా అన్నది అక్కడ తేలుతుంది. అక్కడ చెయ్యెత్తే హక్కు మీకూ నాకూ లేదు. కానీ మీ కార్యాలయంలో, హాస్టల్లో, ఆసుపత్రిలో, శిక్షణ కేంద్రంలో ఇలాంటి రిజిస్టరు ఒకటి ఉండే ఉంటుంది. రేపు దాని ముందు నిలబడినప్పుడు, అమ్మా, ఆ గడిలో మీ పేరే రాయండి. చెల్లదంటే ఎందుకు చెల్లదో కాగితం మీద రాసిమ్మని అడగండి. మగవాళ్ళను కోరేది ఇంకా తేలికైన పని. ఎవరైనా వేలు పెట్టి "ఇక్కడొకటి" అన్నప్పుడు వెంటనే గీకేయకండి. పెన్ను మూత పెట్టి, ఎంత బరువున్నా సరే, ఆ పుస్తకం మొదటి పేజీ దాకా తిప్పి చూడండి.